విజయనగరం – అనంతగిరి – గాలికొండ: పొద్దున్నే వెళ్లి చీకటిపడే లోపు వచ్చేలా సైకిల్ రైడ్ (రూటు, గేర్లు, టైము)

మూడులాంతర్లు
అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారంలో ముగ్గురం విజయనగరం నుంచి ఘాట్ ఎక్కి అదే రోజు ఇంటికి చేరాలనుకుంటున్నాం. రెండు హైబ్రిడ్ సైకిళ్లు (పళ్ల లెక్కలో ముందు 48/38/28, వెనక 7 గేర్ల ఫ్రీవీలు 14–28, టైర్లు 700×35), ఒక రోడ్ బైకు (ముందు 50/34, వెనక 11–28, టైర్లు 28 ఎంఎం). మూడింటికీ రిమ్ము బ్రేకులే (చక్రం అంచుని పట్టి ఆపేవి). చదునులో వంద కిలోమీటర్లు లాగగలం, ఘాట్ మాత్రం కొత్త. అరకు దాకా వెళ్లి రావడం ఒక్కరోజులో అవుతుందా? ఈ గేర్లు సరిపోతాయా? వెంట కారు ఏదీ ఉండదు.

గోస్తని
దారితో మొదలుపెడదాం. విజయనగరం – గంట్యాడ – శృంగవరపుకోట (కోట) సుమారు 30 కిలోమీటర్లు, చిన్న చిన్న ఎత్తుపల్లాలే. కోట నుంచి బొడ్డవర ఏడెనిమిది. అసలు ఎక్కుడు బొడ్డవర దాటాక మొదలవుతుంది. అక్కణ్నుంచి తైడ, డముకు మీదుగా అనంతగిరి, అది దాటాక గాలికొండ వ్యూ పాయింటు. కోట నుంచి అనంతగిరికి 30 కిలోమీటర్ల చుట్టుపక్కల వేసుకోండి. మొత్తం వెళ్లి రావడానికి 130కి కాస్త అటూ ఇటూ. దారంతా జాతీయ రహదారి 516ఇ, కాబట్టి తప్పిపోవడమనే బెంగ లేదు.

దూరం చూసి లెక్క వేయకండి, ఎత్తు చూసి వేయండి. బొడ్డవర నుంచి పైకి చేరేసరికి వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుతారు. సగటు వాలు 4 శాతం దగ్గర ఉంటుంది కానీ సగటు మోసం చేస్తుంది. కొన్ని చోట్ల దాదాపు చదునుగా పోయి, కొన్ని మలుపుల దగ్గర 7, 8 శాతానికి లేస్తుంది. మలుపు లోపలి అంచు ఎప్పుడూ ఎక్కువ నిటారు. వెనక బండ్లేవీ లేవని చూసుకుని, మీ ఎడమ లేన్‌లోనే మలుపుకి కాస్త బయటి వైపు నుంచి తిరిగితే కాళ్ల మీద భారం తగ్గుతుంది.

ఇంకో సంగతి. బొర్రా గుహల వైపు బోర్డు కనిపిస్తే ఆ రోజుకి అటు దిగకండి. గుహలు ఉన్నది సుమారు 705 మీటర్ల ఎత్తులో. రోడ్డు నుంచి అంత దిగాక మళ్లీ అంతా ఎక్కి రావాలి. మీ టైములో గంటకు పైగా దానికే పోతుంది.

ఫ్రీవీల్
గేర్ల సంగతి నేను చెప్తాను. హైబ్రిడ్లకి బెంగ లేదు. ముందు 28, వెనక 28 అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు. 700×35 టైరు చుట్టుకొలత సుమారు 2.17 మీటర్లు. నిమిషానికి 70 సార్లు తొక్కితే గంటకు 9.1 కిలోమీటర్లు. ఘాట్‌కి అది చక్కని గేరు.

రోడ్ బైకు దగ్గరే చిక్కు. 34కి 28 అంటే నిష్పత్తి 1.21. అదే 70 తొక్కుడు నిలపాలంటే గంటకు దాదాపు 11 కిలోమీటర్ల వేగం ఉండాలి. 8 శాతం వాలులో మనిషి, సైకిలు, నీళ్లు కలిపి 82 కిలోలు ఉంటే 10 కిలోమీటర్ల వేగానికే 190 వాట్ల పైన కావాలి. కొత్తవాళ్లు అంత బలం రెండు మూడు నిమిషాలు చూపిస్తారు, తర్వాత తొక్కుడు 50కి పడిపోతుంది. నెమ్మదిగా బరువుగా తొక్కితే ముందు అలిసేది ఊపిరి కాదు, మోకాళ్లు. వెనక క్యాసెట్టు (పళ్ల చక్రాల గుత్తి) 11–32 గానీ 11–34 గానీ వేయించండి. 34కి 32 అయితే 70 తొక్కుడుకి 9.5 కిలోమీటర్లు వస్తుంది.

కొనే ముందు రెండు చూడాలి. వెనక డిరేలరు (చైనుని గేరు నుంచి గేరుకి జరిపే భాగం) మోడలు నంబరు దాని మీదే ఉంటుంది, అది ఎన్ని పళ్ల దాకా మోస్తుందో ఆ నంబరుతో తేల్చుకోండి. కేజ్ (చైను దూరి వెళ్లే కింది చట్రం) పొట్టిగా ఉన్న డిరేలరు 34కి చాలదు. రెండోది చైను పొడవు. పాత చైనే ఉంచి పెద్ద క్యాసెట్టు వేస్తే, ముందూ వెనకా రెండూ పెద్ద పళ్ల మీద పడ్డప్పుడు చైను బిగుసుకుపోయి హ్యాంగరు (డిరేలరుని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) విరుగుతుంది. క్యాసెట్టు మారిస్తే చైను కూడా కొత్తది కొలిచి వేయించడం మంచిది.

పొద్దుపొడుపు
అరకు ప్రశ్నకి గడియారమే జవాబు చెప్తుంది. డిసెంబరు రెండో వారంలో మన దగ్గర పొద్దు పొడిచేది ఆరుంబావు దాటాక, వాలేది ఐదున్నర లోపే. వెలుగు పదకొండు గంటలే.

ఇంటి దగ్గర 5:00కి లైట్లు వేసుకుని బయల్దేరితే, 20 వేగంతో 6:30కి కోట. టిఫిను, నీళ్లు కలిపి అరగంట. 7:25కి బొడ్డవర. అక్కణ్నుంచి అనంతగిరికి 9, 10 వేగంతో రెండున్నర గంటలు, మధ్యలో మూడు చోట్ల పది నిమిషాల చొప్పున ఆగితే 10:25కి అక్కడ ఉంటారు. గాలికొండ 11:20. పన్నెండు లోపు వెనక్కి తిరిగితే 1:30 కల్లా కోట, తిండి, కాస్త నడుం వాల్చడం, నాలుగున్నరకి ఇంట్లో.

అదే అరకు పెట్టుకుంటే గాలికొండ నుంచి దిగి పన్నెండున్నరకి అరకు. భోజనం అయ్యేసరికి ఒకటిన్నర. తిరుగు దారిలో మళ్లీ గాలికొండ దాకా ఎక్కాలి, అలిసిన కాళ్లకి అది రెండు గంటల పైనే. పైకి వచ్చేసరికి మూడున్నర దాటుతుంది. కిందికి దిగి బొడ్డవర చేరేసరికి ఐదు. ఇందులో ఒక్క పంచరు పడినా చివరి మలుపులు చీకట్లో దిగాలి, ఆ తర్వాత 37 కిలోమీటర్ల హైవే చీకట్లోనే. మొత్తం దూరం కూడా 180 దాటుతుంది. మొదటిసారి ఘాట్ ఎక్కేవాళ్లకి వద్దని గట్టిగానే చెప్తాను.

ఒక్క నియమం పెట్టుకోండి: ఎక్కడ ఉన్నా సరే, పన్నెండు కొట్టగానే వెనక్కి. గాలికొండ ఇంకా రెండు కిలోమీటర్లే ఉందని ఎవరన్నా సరే. బయల్దేరే ముందే ముగ్గురూ దీనికి ఒప్పుకోవాలి. పైన నిలబడి మాట్లాడుకుంటే ఎవరూ వినరు.

మూడులాంతర్లు
పొద్దుపొడుపు గారూ, లెక్క కళ్లకి కట్టినట్టు ఉంది. అరకు మానేశాం. ఫ్రీవీల్ అన్నా, రోడ్ బైకుకి 11–32 చూస్తున్నాం. రైల్లో అరకు వెళ్లి అక్కణ్నుంచి దిగి వస్తే ఎలా ఉంటుంది?

కోటజంక్షన్
కిరండూల్ పాసింజరు కోటలోనూ బొడ్డవరలోనూ ఆగుతుంది బాబూ. సైకిలు మీతో పాటు పెట్టెలో పెట్టుకోనివ్వరు, లగేజీ కింద బుక్ చేసి బ్రేకు వ్యానులో వేయించాలి. చిన్న స్టేషన్లలో బండి ఆగేది నిమిషమో రెండో, ఆ గాభరాలో వేయడం దించడం కష్టం. విశాఖ నుంచే బుక్ చేయించుకుని అరకులో దించుకుంటే తేలిక. పైగా పర్యాటకుల రోజుల్లో ఆ బండి కిక్కిరిసి ఉంటాది. ఎక్కడం మీ లక్ష్యం అయినప్పుడు రైలు మాట వదిలేయండి.

ఆపదకి మాత్రం ఒక ఏర్పాటు పెట్టుకోండి. కోటలో ట్రాలీ ఆటోలు దొరుకుతాయి. ముందే ఒకాయనతో మాట్లాడి నంబరు రాసుకుంటే, ఎవరికైనా హ్యాంగరు విరిగినా కాలు పట్టేసినా మనిషినీ సైకిలునీ కిందికి తెస్తారు. ఘాట్‌లో చాలా చోట్ల సిగ్నలు ఉండదు, కాబట్టి నంబరు కాగితం మీద కూడా ఉండాల. సిగ్నలు లేకపోతే ఫోన్‌పే కూడా పనిచేయదు. వంద, యాభై నోట్లు పట్టుకెళ్లండి.

ఇంకోటి. ఆదివారం రావద్దు. డిసెంబరు, జనవరిల్లో ఆదివారాలు విశాఖ నుంచి కార్లు, బస్సులు వరసగా వస్తాయి. మలుపు దగ్గర బస్సు తిరగాలంటే రోడ్డు మొత్తం దానికే కావాలి. మంగళ, బుధవారాలు హాయి.

ఫ్రీవీల్
ఇప్పుడు దిగుడు. జనం ఎక్కుడు గురించే అడుగుతారు, దెబ్బలు తగిలేది దిగేటప్పుడే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

82 కిలోల బరువు వెయ్యి మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి 800 కిలోజూళ్లు. అందులో గాలి కొంత తింటుంది, మిగిలింది మీ బ్రేకుల్లో వేడిగా మారాలి. రిమ్ము బ్రేకులు నొక్కి పట్టుకునే దిగితే రిమ్ము కాలుతుంది. ట్యూబుకి వేసిన పాత పంచరు పట్టీ వేడికి జారిపోవచ్చు, టైర్లో గాలి ఒత్తిడి పెరుగుతుంది, బ్రేకు రబ్బరు పైపొర గాజులా గట్టిపడి పట్టు తగ్గుతుంది. అందుకే నిరంతరం నొక్కకూడదు. నేరుగా ఉన్న చోట వదిలేయండి, మలుపుకి ముందు రెండు బ్రేకులూ గట్టిగా రెండు మూడు సెకన్లు వేసి వేగం దించండి, వదలండి, తిరగండి. మలుపులో ఉండగా ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారుతుంది.

వేగానికి కూడా లెక్క ఉంది. 40 వేగంలో కళ్లు చూసి చెయ్యి కదిలేలోపే 11 మీటర్లు పోతాయి. పొడి రోడ్డు మీద ఆగేసరికి మొత్తం 24 మీటర్లు. తడి రోడ్డు మీద 36. అదే 30 వేగంలో పొడి రోడ్డు మీద 15, 16 మీటర్లు చాలు. ఆ ఘాట్‌లో మలుపు అవతల ఏముందో చాలా చోట్ల ఇరవై మీటర్ల దాకానే కనిపిస్తుంది. కాబట్టి 30 దాటొద్దు.

డిసెంబరు పొద్దుటి మంచుకి రిమ్ములు తడుస్తాయి. మొదటిసారి బ్రేకు వేసినప్పుడు చక్రం ఒక చుట్టు తిరిగేదాకా నీళ్లు తుడుచుకోవడానికే సరిపోతుంది, ఆ తర్వాతే పట్టు వస్తుంది. తడిలో ముందుగానే మెల్లగా తాకించి ఆరబెట్టుకోండి.

బయల్దేరే ముందు వారం చూడాల్సినవి: బ్రేకు రబ్బరులో గీతలు అరిగి సమం అయిపోతే మార్చడం. లివరు హ్యాండిలుకి తగిలేదాకా వస్తుంటే కేబులు బిగించడం. కేబులు చివర్లు విడిపోయి ఉంటే కొత్తది. రిమ్ము పక్కగోడ వేలితో తడిమితే లోపలికి గుంట పడినట్టు ఉంటే ఆ రిమ్ముతో ఘాట్ దిగకూడదు, అది గాలి ఒత్తిడికి చీలుతుంది. చైను 24 లింకుల పొడవు కొలవండి: కొత్తది 304.8 మిల్లీమీటర్లు, 306.3 దాటితే అరిగినట్టే. అరిగిన చైను చదునులో ఏమీ అనదు, చిన్న గేరులో బలంగా తొక్కినప్పుడు పళ్ల మీద నుంచి ఎగురుతుంది.

వెనక డిరేలరు లోపలి హద్దు స్క్రూ తప్పకుండా చూడండి. సైకిలు ఎప్పుడైనా కుడి వైపు పడి ఉంటే హ్యాంగరు లోపలికి వంగుతుంది. చదునులో వెనక పెద్ద పల్లెం (ఎక్కువ పళ్ల చక్రం) వాడరు కాబట్టి తెలీదు. ఘాట్‌లో మొదటిసారి వేసేసరికి చైను దాటిపోయి చక్రం పుల్లల్లో (స్పోకుల్లో) పడుతుంది. స్టాండు మీద పెట్టి, చేత్తో పెడలు తిప్పుతూ పెద్ద పల్లెం మీదికి వేసి, డిరేలరుని వేలితో లోపలికి నెట్టి చూడండి. పుల్లలకి తగలకూడదు.

నాగావళి_తీరం
టైరు గాలి ఎంత పెట్టాలి? 35 టైర్లలో చాలామంది 80 పీఎస్ఐ కొట్టేస్తారు.

ఫ్రీవీల్
70 కిలోల మనిషికి 35 టైరు అయితే ముందు 50, వెనక 55–60 చాలు. 28 అయితే ముందు 75, వెనక 80–85. టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటకూడదు. మరీ గట్టిగా ఉంటే గులక మీద గెంతుతుంది, మరీ మెత్తగా ఉంటే గుంతలో ట్యూబుకి పాముకాటులా రెండు చిల్లులు పడతాయి.

గోస్తని
గులక అన్నారు కాబట్టి. ఈ రోడ్డు మీద ఎక్కడైనా వెడల్పు పని నడుస్తుంటే తారు ఉన్నట్టుండి ఆగి మెటలు రోడ్డు వస్తుంది. వానల తర్వాత కొండ వైపు నుంచి మట్టి, రాళ్లు మలుపుల లోపలి అంచుకి చేరతాయి. ఎక్కేటప్పుడే అలాంటి చోట్లు గుర్తుపెట్టుకోండి. దిగేటప్పుడు అవి మీకు అవతలి వైపు ఉంటాయి గానీ, ఎదురు బండి వాటిని తప్పించుకోవడానికి మీ వైపుకే వస్తుంది.

వ్యూ పాయింట్ల దగ్గర కోతులుంటాయి. హ్యాండిలుకి కవరు తగిలించి పక్కకి వెళ్లొద్దు, అరటిపండ్లతో పాటు కవర్లో ఉన్న ఫోను కూడా పోతుంది.

మూడులాంతర్లు
గోస్తని అక్కా, తిండి, నీళ్లు ఎక్కడ నింపుకోవాలో కూడా చెప్పండి.

గోస్తని
కోటలో ఇడ్లీ, ఉప్మా లాంటివి కడుపు నిండా కాకుండా తినండి. పూరీ, బజ్జీ వద్దు, నూనె అరగడానికి టైము పడుతుంది, అరగంటలో ఎక్కుడు మొదలవుతుంది. బొంగు చికెన్ దారిలో కనిపిస్తుంది, దిగి వచ్చాక తినండి.

ఎక్కేటప్పుడు గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతుండాలి. ఒక అరటిపండు 25 గ్రాములు. బెల్లం ముక్కలు 30 గ్రాములు తింటే దాదాపు అంతా చక్కెరే. ఖర్జూరాలు నాలుగైదు ఒక అరటిపండుకి సమానం. నువ్వుల చిమ్మిలి, పల్లీ చిక్కీలో కొవ్వు ఎక్కువ, వాటిని పైకి చేరాక తినండి. ఆకలి వేసేదాకా ఆగకూడదు. ప్రతి ఇరవై నిమిషాలకీ కొంచెం నోట్లో వేసుకోవాలి, ఫోన్లో అలారం పెట్టుకోండి.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. ఒక్కొక్కరికీ 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. కోటలో నింపి, తైడలో చూసుకుని, అనంతగిరిలో మళ్లీ నింపండి. ఒక సీసాలో ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద లీటరుకి అని ఉంటే లీటరుకే కలపాలి, 750లో మొత్తం వేస్తే చిక్కగా అయి కడుపు తిప్పుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి సమంగా తీసిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. గెడ్డ (కొండవాగు) నీళ్లు ఎంత తేటగా కనిపించినా తాగొద్దు, పైన పశువులు దిగుతాయి.

బట్టలు కూడా తిండి అంత ముఖ్యం. ప్రతి వెయ్యి మీటర్లకీ ఆరు, ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఎక్కేటప్పుడు చెమటతో తడిసిన బనీనుతోనే దిగితే గాలికి వేళ్లు కొంకర్లు పోతాయి, బ్రేకు నొక్కలేరు. ఒక పలచటి గాలి కోటు, పొడి బనీను, చేతికి గ్లవుజులు. కోటు లేకపోతే పాత న్యూస్ పేపరు మడిచి చొక్కా లోపల ఛాతీ మీద పెట్టుకోండి, బాగా పనిచేస్తుంది.

ఫ్రీవీల్
సామాను: మనిషికి ట్యూబులు రెండు, పట్టీలు, టైరు లివర్లు మూడు, చేతి పంపు, మల్టీ టూలు. ముగ్గురికి కలిపి చైను కత్తి (లింకు ఊడదీసే పనిముట్టు) ఒకటి, తెగిన చైను కలపడానికి క్విక్ లింకులు (7 గేర్లకి వేరు, రోడ్ బైకుకి వేరు), గేరు కేబులు ఒకటి, బ్రేకు రబ్బర్లు ఒక జత, టైరు చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క నాలుగు అంగుళాలు.

ట్యూబుల మీద ఒక హెచ్చరిక. ఊళ్లలో సైకిలు షాపుల్లో దొరికేది 28×1½ ట్యూబు. అది 700×35 టైర్లో అత్యవసరానికి పడుతుంది. కానీ దాని వాల్వు లావు. మీ రిమ్ముకి ప్రెస్టా (సన్న వాల్వు) రంధ్రం ఉంటే దూరదు. రంధ్రం పెద్దది అయితే దూరుతుంది. 28 ఎంఎం టైర్లోకి ఆ ట్యూబు అసలు పనికిరాదు, మడతలు పడి అక్కడే పగులుతుంది. కాబట్టి రోడ్ బైకు అతను దారిలో కొనుక్కుందామని అనుకోకూడదు, మూడు ట్యూబులు పెట్టుకోవాలి.

పొద్దుపొడుపు
వెనక ఎర్ర లైటు, ముందు లైటు మనిషికి ఒకటి తప్పనిసరి. పొద్దున్న ఐదుకి చీకటి కదా అని మాత్రమే కాదు. ఘాట్‌లో మంచు దిగితే తొమ్మిదింటికి కూడా ముప్పై మీటర్ల అవతల మనిషి కనబడడు. వెనక లైటు వెలిగించే ఎక్కండి. ముగ్గురూ పక్కపక్కన కాకుండా ఒకరి వెనక ఒకరు, ఎక్కేటప్పుడు రెండు సైకిళ్ల దూరం, దిగేటప్పుడు కనీసం ముప్పై మీటర్లు.

వేగంలో తేడా వస్తుంది కాబట్టి కలుసుకునే చోట్లు ముందే అనుకోండి: బొడ్డవర, తైడ, డముకు, అనంతగిరి. ముందు చేరినవాళ్లు అక్కడ ఆగాలి, ఇరవై నిమిషాల్లో మూడోవాడు రాకపోతే ఒకరు కిందికి దిగి చూడాలి. ఫోను మీద ఆధారపడకూడదు. అంబులెన్సుకి 108, సిగ్నలు లేకపోతే దారిన పోయే బండిని ఆపి పక్క ఊళ్లో చెప్పించాలి.

తిరుగు దారి కూడా తేలిక అనుకోవద్దు. కోట నుంచి విజయనగరం దాదాపు తూర్పుకి. మధ్యాహ్నం తర్వాత సముద్రం వైపు నుంచి గాలి ఎదురొస్తుంది. ఆ ముప్పై కిలోమీటర్లకి గంటన్నర కాదు, రెండు గంటలు ఉంచండి. అక్కడ మాత్రం దగ్గరగా ఒకరి వెనక ఒకరు, ఐదేసి నిమిషాలు ముందుండే వంతు మార్చుకుంటూ రండి.

నాగావళి_తీరం
శ్రీకాకుళం వైపు వాళ్లకి ఇలాంటిది కావాలంటే పాలకొండ – సీతంపేట – కొత్తూరు – హిరమండలం చుట్టు బావుంటుంది. ఎత్తు ఇంత ఉండదు, ఎక్కుళ్లు పొట్టివి, కొత్తూరు దాటాక వంశధార పక్కనే గొట్టా బ్యారేజీ దాకా వస్తారు. కానీ ఆ ఏజెన్సీలో ఏనుగులు తిరుగుతుంటాయి. తెల్లారకముందు, సాయంత్రం ఐదు తర్వాత ఆ కొండ దారిలో ఉండకూడదు. ముందురోజు సీతంపేటలో అటవీ సిబ్బందిని అడిగి, మంద ఎటు ఉందో తెలుసుకునే వెళ్లాలి.

సింగిల్ స్పీడు సైకిలుతో ఈ అనంతగిరి ఎక్కొచ్చా అని ఒక కుర్రాడు అడుగుతున్నాడు. మామూలు 44కి 18.

ఫ్రీవీల్
44కి 18 అంటే ఒక తొక్కుడుకి 5.3 మీటర్లు. పది వేగంలో నిమిషానికి 31 తొక్కుళ్లు. కూర్చుని తొక్కలేడు, రెండు గంటలు నిలబడీ తొక్కలేడు. వెనక 22 పళ్లది వేసినా 38కే వస్తుంది. తాటిపూడి రిజర్వాయరు దాకా వెళ్లి రమ్మనండి, గంట్యాడ మీదుగానే, ఆ సైకిలుకి అది సరైన దారి.

మూడులాంతర్లు
బుధవారానికి మార్చుకున్నాం. ఐదుకి బయల్దేరడం, పన్నెండుకి వెనక్కి, ఆదివారం ఈ సైకిళ్లతోనే బొడ్డవర నుంచి తైడ దాకా ఎక్కి గేర్లు, బ్రేకులు చూసుకోవడం. ఒకటే మిగిలింది: 11–32 క్యాసెట్టు, కొత్త చైను శనివారం వేయిస్తున్నాం. ఆదివారం ట్రయలు చాలా?

ఫ్రీవీల్
చాలు, కానీ కేబులు కూడా కొత్తదైతే మొదటి యాభై కిలోమీటర్లలో కాస్త సాగుతుంది, గేర్లు టకటకమంటాయి. ఆదివారం రాత్రి డిరేలరు దగ్గర బారెలు స్క్రూ (కేబులు బిగువు సరిచేసేది) అర చుట్టు అపసవ్యంగా తిప్పి మళ్లీ అన్ని గేర్లూ వేసి చూడు. చక్రం తీసి పెట్టి ఉంటే క్విక్ రిలీజు బిగిసిందో లేదో, బ్రేకు చేతులు మళ్లీ తగిలించావో లేదో చూసుకో తమ్ముడూ. వి-బ్రేకు గొట్టం (కేబులు దూరే వంపు గొట్టం) తగిలించడం మర్చిపోతే సైకిలు చదునులో మామూలుగానే నడుస్తుంది, బ్రేకు ఉండదు.